పొడవైన పత్రంలోని ఒక విభాగానికి నేరుగా లింకు ఇవ్వడం: శీర్షికలు మారినా తెగిపోకుండా ఎలా?

తాళపత్రం రాశారు:

సభ్యులందరికీ నమస్కారం. మా బృందం ఒక సాఫ్ట్‌వేర్‌ను వాడేవారి కోసం పెద్ద మార్గదర్శినిని నిర్వహిస్తోంది. దాని మూలప్రతిని గూగుల్ డాక్స్‌లో రాసుకుంటాం. ముఖ్యమైన భాగాలను వెబ్‌సైటులో పేజీలుగా ఉంచుతాం. కొత్త విడుదల జరిగినప్పుడల్లా మొత్తాన్ని పీడీఎఫ్‌గా కూడా ఇస్తాం. ఎవరైనా సందేహం అడిగితే పత్రం మొత్తానికి లింకు పంపి, "అందులో బ్యాకప్ గురించి రాసిన చోట చూడండి" అని చెప్పడం ఇప్పటివరకు మాకున్న పద్ధతి. ఆ లింకు తెరిచినవారు ముందుమాట చూసి, నాలుగు పేజీలు తిప్పి, దొరకలేదని మళ్లీ మాకే రాస్తున్నారు.

సరిగ్గా ఆ విభాగమే తెరుచుకునేలా లింకు ఇవ్వాలన్నది మా ఆలోచన. ఈ మూడు రూపాలలోనూ అది ఎలా సాధ్యమవుతుందో, శీర్షికల మాటలు మార్చినా పాత లింకులు పనిచేయాలంటే ఏ జాగ్రత్త తీసుకోవాలో తెలిసినవారు వివరించగలరు. మా శీర్షికలన్నీ తెలుగులోనే ఉన్నాయన్నది కూడా దృష్టిలో పెట్టుకోవలసిందిగా మనవి.

కొక్కెం రాశారు:

తాళపత్రం గారూ, గూగుల్ డాక్స్ సంగతి నేను చెబుతాను. అన్నిటికంటే ముందు చూసుకోవలసింది మీ శీర్షికలు నిజంగా శీర్షికలేనా అన్నది. చాలామంది మామూలు పేరాను ఎంచుకుని, అక్షరాల పరిమాణం పెంచి, బోల్డ్ చేసి వదిలేస్తారు. మన కంటికి అది శీర్షికే, కానీ పత్రం దృష్టిలో అది పెద్ద అక్షరాల పేరా మాత్రమే. స్టైల్ జాబితాలోంచి హెడింగ్ 1, హెడింగ్ 2 వంటివి ఎంచుకున్నప్పుడే ఎడమవైపు రూపురేఖల పట్టీలో అది కనబడుతుంది, దానికంటూ ఒక చిరునామా ఏర్పడుతుంది.

ఆ తరువాత పని తేలిక. రూపురేఖల పట్టీలో ఒక శీర్షిక మీద నొక్కితే, బ్రౌజరు చిరునామా పట్టీలో హ్యాష్ గుర్తు, దాని వెంట హెడింగ్ అన్న మాట, ఆపైన అర్థం లేని కొన్ని అక్షరాలు చేరుతాయి. ఆ చిరునామాను యథాతథంగా కాపీ చేసి పంపితే అవతలివారికి సరిగ్గా ఆ విభాగమే తెరుచుకుంటుంది. శీర్షిక మీద కుడి క్లిక్ చేసి లింకును కాపీ చేసుకునే సదుపాయం కూడా ఉంది. పేరా మధ్యలోని ఒక వాక్యానికి లింకు కావాలంటే అక్కడ కర్సరు ఉంచి, ఇన్సర్ట్ మెనూలోంచి బుక్‌మార్క్ పెట్టాలి; దానికీ వేరే చిరునామా వస్తుంది. 2024లో ట్యాబ్‌లు వచ్చాక చిరునామాలో ట్యాబ్ గుర్తు కూడా చేరుతోంది కనుక, పత్రాన్ని ట్యాబ్‌లుగా విడగొట్టుకున్నవారు చిరునామాను మధ్యలో కత్తిరించకుండా మొత్తం కాపీ చేయాలి.

మీ ప్రధాన సందేహానికి ఇక్కడ శుభవార్తే ఉంది. ఆ అర్థం లేని అక్షరాలు శీర్షికలోని మాటల నుంచి పుట్టినవి కావు కాబట్టి, మీరు "బ్యాకప్ చేయడం" అన్నదాన్ని "సమాచారాన్ని భద్రపరచుకోవడం" అని మార్చినా లింకు తెగదు. ఆ వరుసనే పూర్తిగా తొలగించి, దాని కింద కొత్త వరుస టైపు చేసి హెడింగ్ స్టైల్ ఇస్తే మాత్రం అది కొత్త శీర్షిక, దానిది కొత్త చిరునామా. అందువల్ల పాత వరుస లోపల కర్సరు పెట్టి మాటలు మార్చడం అలవాటు చేసుకోవాలి. పత్రం చూసే అనుమతి లేనివారికి విభాగపు లింకు ఇచ్చినా ప్రయోజనం లేదని వేరే చెప్పనక్కరలేదు.

సున్నాఒకటి రాశారు:

వెబ్‌పేజీల విషయంలో మొదట అర్థం చేసుకోవలసింది హ్యాష్ గుర్తు తరువాతి భాగం ఎక్కడి దాకా ప్రయాణిస్తుందన్నది. వెబ్ చిరునామాల నిర్మాణాన్ని నిర్దేశించే ఆర్‌ఎఫ్‌సీ 3986 అనే ప్రమాణం 2005లో వచ్చింది. అందులో ఈ భాగానికి ఫ్రాగ్మెంట్ అని పేరు. బ్రౌజరు పేజీని అడిగేటప్పుడు ఫ్రాగ్మెంట్‌ను సర్వరుకు పంపదు. పేజీ చేతికి వచ్చాక తానే అందులో ఆ పేరుగల ఐడీ (పేజీ కోడులో ఒక చోటికి ఇచ్చే గుర్తింపు పేరు) ఉందేమో వెతికి, ఉంటే అక్కడికి జరుపుతుంది. లేకపోతే నోరు మెదపకుండా పేజీ మొదటి భాగాన్నే చూపిస్తుంది.

ఈ ఒక్క సంగతి నుంచి చాలా విషయాలు తేలుతాయి. పేజీయే లేకపోతే సర్వరు 404 (పేజీ దొరకలేదు) అని చెబుతుంది, మనం లాగ్‌లో చూసుకుని సరిదిద్దుకుంటాం. విభాగం లేకపోతే ఎవరూ ఏమీ చెప్పరు. పాఠకుడికి పేజీ తెరుచుకుంది, సర్వరు లెక్కలో అంతా సవ్యంగా జరిగింది, కానీ వెతికినది మాత్రం దొరకలేదు. చాప కింద నీరులా ఇలాంటి లింకులు ఏళ్ల తరబడి తెగిపోతూనే ఉంటాయి.

ఇక నియమాల విషయానికి వస్తే, ఐడీ ఒక పేజీలో ఒక్కసారే ఉండాలి, అందులో ఖాళీ స్థలం ఉండకూడదు, ఇంగ్లీషు అక్షరాలు వాడితే పెద్దబడి, చిన్నబడి తేడా లెక్కలోకి వస్తుంది. ఒకప్పుడు యాంకర్ ట్యాగుకు నేమ్ అన్న లక్షణం ఇచ్చి గమ్యాన్ని గుర్తించేవారు. హెచ్‌టీఎంఎల్5 నాటికి ఆ పద్ధతికి కాలం చెల్లింది. బ్రౌజర్లు దాన్ని ఇంకా గౌరవిస్తున్నాయి కాబట్టి పాత పేజీలను హడావిడిగా మార్చనవసరం లేదు, కొత్తవాటిలో మాత్రం శీర్షిక ట్యాగుకే నేరుగా ఐడీ ఇవ్వడం మంచిది.

పాదసూచిక రాశారు:

సున్నాఒకటి గారు చెప్పినదానికి ఒక ముఖ్యమైన హెచ్చరిక చేర్చాలి. ఈ రోజుల్లో ఐడీలను చేత్తో రాసేవారు తక్కువ. మార్క్‌డౌన్‌లో (మామూలు రాతలోనే చిన్న గుర్తులతో శీర్షికలు వగైరా సూచించే పద్ధతి) రాసి, పేజీలను ఒక సాధనం చేత తయారు చేయించుకుంటే, అది శీర్షికలోని మాటల నుంచే ఐడీని పుట్టిస్తుంది. కోడును, దాని పత్రాలను ఉంచే గిట్‌హబ్ సైటులో జరిగేది కూడా ఇదే: అక్షరాలను చిన్నబడిలోకి మార్చి, విరామ చిహ్నాలు తీసేసి, ఖాళీల స్థానంలో అడ్డగీతలు పెడుతుంది. శీర్షికలో ఒక్క మాట మార్చినా పాత లింకు తెగిపోతుంది, గూగుల్ డాక్స్‌లో ఉన్న వెసులుబాటు ఇక్కడ లేదు.

అంతకంటే ప్రమాదకరమైనది ఇంకొకటుంది. ఒకే పత్రంలో "ఉదాహరణలు" అన్న ఉపశీర్షిక అయిదు చోట్ల ఉందనుకోండి. సాధనం మొదటిదానికి ఆ పేరే ఇచ్చి, తరువాతి వాటికి వరుసగా 1, 2 అని తోకలు తగిలిస్తుంది. రేపు మీరు పత్రం మొదట్లో మరో "ఉదాహరణలు" చేర్చితే, కింద ఉన్నవన్నీ ఒక్కో స్థానం జరుగుతాయి. అప్పుడు పాత లింకు తెగిపోదు, వేరే విభాగానికి తీసుకెళుతుంది. తెగిన లింకును పాఠకుడు గుర్తుపడతాడు, తప్పుడు చోటికి వెళ్లిన లింకును మాత్రం నమ్ముతాడు. పునరుద్ధరణకు ఉదాహరణ చూడమని పంపితే తొలగింపుకు ఉదాహరణ చూసి అదే పాటిస్తే మొదటికే మోసం వస్తుంది.

అందుచేత నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బయటివారికి లింకుగా ఇవ్వదలచుకున్న ప్రతి విభాగానికీ ఐడీని మీరే రాయండి, దాన్ని శీర్షిక మాటలతో ముడిపెట్టకండి. చాలా మార్క్‌డౌన్ సాధనాలలో శీర్షిక చివర మీసపు బ్రాకెట్లలో ఐడీ రాసే వీలుంటుంది. అది లేనిచోట శీర్షికకు ముందు ఖాళీ యాంకర్ ట్యాగు పెట్టుకోవచ్చు. శీర్షిక పాఠకుడి కోసం, ఐడీ లింకు కోసం. మొదటిది ఎన్నిసార్లయినా మారవచ్చు, రెండవది మారకూడదు.

అనుక్రమణిక రాశారు:

పాదసూచిక గారి వాదనతో ఏకీభవిస్తూనే, ఐడీలు విభాగ సంఖ్యలైతే మరింత మేలని నా ఉద్దేశం. "4.2.3 చూడండి" అంటే ఫోనులో మాట్లాడేటప్పుడు చెప్పవచ్చు, కాగితం మీద అచ్చువేసిన ప్రతిలోనూ వెతుక్కోవచ్చు, లింకు నొక్కే అవకాశం లేనివారికీ ఉపయోగపడుతుంది. వెబ్ పుట్టక ముందే అమెరికా కంప్యూటర్ పరిశోధకుడు డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందం నిర్మించిన ఎన్‌ఎల్‌ఎస్ అనే కంప్యూటర్ వ్యవస్థలో ప్రతి పేరాకూ ఒక సంఖ్య ఉండేది, దాని ఆధారంగా నేరుగా అక్కడికి వెళ్లగలిగేవారు. ఆయన దాన్ని 1968 డిసెంబరు 9న బహిరంగంగా ప్రదర్శించారు. ఆ తరువాత ఇన్ని దశాబ్దాలు గడిచినా మన పత్రాలలో పేరాకు చిరునామా లేకపోవడం నాకు ఇప్పటికీ విచిత్రంగానే అనిపిస్తుంది.

పాదసూచిక రాశారు:

అనుక్రమణిక గారూ, సంఖ్యలు పాఠకుడికి కనబడాలన్నదానితో నాకు పేచీ లేదు. కానీ వాటినే ఐడీగా వాడితే, 4.2కు ముందు కొత్త విభాగం చేర్చిన రోజున ఆ తరువాతి సంఖ్యలన్నీ జరిగిపోతాయి. చట్టాలు రాసేవారికి ఈ బాధ బాగా తెలుసు. అందుకే సవరణలో కొత్త విభాగం చేర్చినప్పుడు వెనకటి సంఖ్యలను కదపకుండా 14 తరువాత 14ఎ అని పెడతారు. ఎందుకంటే ఆ సంఖ్యను ఉటంకించిన తీర్పులు, పత్రాలు అప్పటికే ఎన్నో చోట్లకు చేరి ఉంటాయి. మీరు అంత కట్టుబాటు పాటించగలిగితే సంఖ్యలే వాడండి. ఆ పట్టుదల లేని బృందాలకు "బ్యాకప్-షెడ్యూల్" వంటి స్థిరమైన చిన్న పేరే సురక్షితం.

అనుక్రమణిక రాశారు:

చట్టాల ఉదాహరణ నా వాదనకే బలం చేకూరుస్తోందని మనవి చేస్తున్నాను. అక్కడ శతాబ్దాలుగా సంఖ్యలే నిలిచాయి. అయినా మార్గదర్శినిని ఏటా తిరగరాసే బృందం దగ్గర అంతటి కట్టుబాటు ఆశించలేమన్నది ఒప్పుకోదగిన మాటే.

తాళపత్రం రాశారు:

చాలా ఉపయోగకరమైన చర్చ. ఐడీలు మేమే రాసుకోవాలన్నది స్పష్టమైంది. అయితే వాటిని తెలుగులో రాయాలా, ఇంగ్లీషు లిపిలో రాయాలా? మా వెబ్‌సైటులో తయారైన లింకులను ఈమెయిలులో అతికిస్తే శాతం గుర్తులతో రెండు మూడు వరుసలు ఆక్రమిస్తున్నాయి. కొందరు అది వైరస్ లింకేమోనని నొక్కడానికి కూడా జంకుతున్నారు.

గవాక్షం రాశారు:

తాళపత్రం గారూ, ఆ పొడవుకు కారణం ఇది. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతం మూడు బైట్లు తీసుకుంటుంది. చిరునామాలో రాసేటప్పుడు ఒక్కో బైటును శాతం గుర్తు, దాని పక్కన రెండు అక్షరాలుగా మార్చుతారు. అంటే ఒక్కో తెలుగు సంకేతానికి తొమ్మిది స్థానాలు. "విభాగం" అన్న మాట చూడటానికి మూడు అక్షరాలే, కానీ వ, గుడి, భ, దీర్ఘం, గ, సున్న అని ఆరు సంకేతాలు. మొత్తం 54 స్థానాలు. నాలుగు మాటల శీర్షిక అయితే ఎంతవుతుందో మీరే ఊహించుకోవచ్చు. బ్రౌజరు పట్టీలో చక్కగా తెలుగులోనే కనబడుతుంది, కాపీ చేసి మరో చోట అతికించినప్పుడు మాత్రం ఈ రూపం బయటపడుతుంది.

పొడవు ఒక్కటే అయితే సర్దుకుపోవచ్చు. శీర్షిక నుంచి ఐడీని పుట్టించే కొన్ని సాధనాలు అక్షరాలు, అంకెలు తప్ప మిగతావన్నీ ఏరివేస్తాయి. అన్ని లిపుల సంకేతాల పట్టిక అయిన యూనికోడ్‌లో మన గుణింతపు గుర్తులు, సున్న, పొల్లు అక్షరాల వర్గంలోకి రావు, అక్షరాలకు చేరే గుర్తుల వర్గంలోకి వస్తాయి. దాంతో "విభాగం" కాస్తా "వభగ" అయి కూర్చుంటుంది. కాలు, కీలు, కల అన్న మూడు మాటలకూ "కల" అనే ఒకే ఐడీ తయారవుతుంది, అప్పుడు పాదసూచిక గారు చెప్పిన తోకల గొడవ మొదలవుతుంది. ఇంగ్లీషు అక్షరాలను మాత్రమే గుర్తించే సాధనాలయితే తెలుగు శీర్షికకు ఏమీ మిగల్చకుండా ఖాళీ ఐడీ ఇస్తాయి.

మూడవది కంటికి కనబడని చిక్కు. పొల్లుతో ముగిసే మాటల చివర కొన్ని టైపింగ్ సాధనాలు అదృశ్య సంకేతం ఒకటి చేర్చుతాయి; పక్క అక్షరంతో ఒత్తుగా కలవకుండా ఆపడానికి వాడేది అదే. "బ్యాకప్" అని మీరు ఒక సాధనంతోనూ, మీ సహచరుడు మరొక సాధనంతోనూ టైపు చేస్తే రెండూ అచ్చం ఒకేలా కనిపిస్తాయి, కానీ బ్రౌజరుకు అవి వేర్వేరు ఐడీలు. ఐత్వం గుర్తుకూ ఇలాంటి సమస్యే ఉంది: దాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వం మీద కింది గుర్తును చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. బ్రౌజరు ఈ రెండింటినీ ఒకటిగా భావించి సర్దుకుపోదు, సంకేతాలు అన్నీ సరిపోతేనే ఆ చోటికి వెళుతుంది.

ఈ కారణాల వల్ల, ఇతరులు చేత్తో టైపు చేసే అవకాశమున్న పత్రాలలో ఐడీని ఇంగ్లీషు లిపిలో, చిన్నబడిలో, పొట్టిగా రాయడమే ఆచరణాత్మకం. శీర్షిక ఎలాగూ తెలుగులోనే ఉంటుంది.

వలయం రాశారు:

గవాక్షం గారి సాంకేతిక వివరణ సరైనదే అయినా, చివరి సలహాతో నేను విభేదిస్తున్నాను. తెలుగు వికీపీడియాలో విభాగ శీర్షికలే ఐడీలు. పేజీ పేరు, హ్యాష్ గుర్తు, విభాగం పేరు జంట చదరపు బ్రాకెట్లలో రాస్తే వికీలింకు పనిచేస్తుంది, ఖాళీలు కింది గీతలుగా మారతాయి. లింకును చూడగానే అది దేని గురించో తెలియడం పాఠకుడికి పెద్ద సహాయం. "సెక్-బికె-02" అన్న ఐడీ చూసి ఎవరికి ఏం అర్థమవుతుంది? శాతం గుర్తుల వికారం సాధనాల లోపం. దానికి పరిష్కారం సాధనాలను బాగుచేయడమే కానీ మన లిపిని పక్కన పెట్టడం కాదు.

గవాక్షం రాశారు:

వలయం గారూ, వికీలో మీరన్నది నిజం. అక్కడ ఐడీని పుట్టించేది, లింకును సరిచేసేది ఒకే వ్యవస్థ కాబట్టి రెండూ పొసగుతాయి. అక్కడ కూడా శీర్షిక మార్చితే పాత లింకులు తెగుతాయనే విభాగానికి విడిగా స్థిరమైన పేరునిచ్చే యాంకర్ మూసను పెట్టే పద్ధతి వచ్చింది. తాళపత్రం గారి లింకులు ఈమెయిలులోనూ, సందేశాల యాప్‌లలోనూ, పీడీఎఫ్‌లోనూ తిరుగుతాయి. శీర్షిక చివర ప్రశ్నార్థకమో, మూసే బ్రాకెట్టో ఉంటే కొన్ని యాప్‌లు దాన్ని లింకులో భాగం కాదనుకుని వదిలేస్తాయి, అక్కడితో లింకు పాడవుతుంది. అర్థవంతంగా ఉండాలన్న మీ మాటను మాత్రం నేను కూడా సమర్థిస్తాను. "సెక్-బికె-02" కన్నా "బ్యాకప్-షెడ్యూల్" అని ఇంగ్లీషు లిపిలో రాయడం ఎంతో నయం.

చూపుడువేలు రాశారు:

పత్రం మనది కాకపోతే ఏం చేయాలన్న ప్రశ్న ఇంకా ఎవరూ ఎత్తలేదు. ఐడీలు లేని పేజీలో ఒక వాక్యానికి లింకు ఇవ్వడానికి టెక్స్ట్ ఫ్రాగ్మెంట్ అనే పద్ధతి ఉంది. హ్యాష్ గుర్తు తరువాత విసర్గ వంటి రెండు చుక్కలు, తరంగపు గీత, మళ్లీ రెండు చుక్కలు, టెక్స్ట్ అన్న మాట, సమానం గుర్తు, ఆపైన మనకు కావలసిన వాక్యం. బ్రౌజరు ఆ మాటలను పేజీలో వెతికి, రంగు పూసి, అక్కడికి తీసుకెళుతుంది. క్రోమ్ దీన్ని 2020లో 80వ వెర్షన్‌తో తెచ్చింది, సఫారీ 2022లో 16.1తో, ఫైర్‌ఫాక్స్ 2024లో 131తో అందిపుచ్చుకున్నాయి. క్రోమ్‌లో అయితే వాక్యాన్ని ఎంచుకుని కుడి క్లిక్ చేస్తే లింకు అదే తయారవుతుంది.

తెలుగులో దీన్ని చేత్తో రాసేవారు ఒకటి గమనించాలి. వెతుకులాట పూర్తి మాటలకే పరిమితం. మనం "విభాగం" అని ఇస్తే, పేజీలో "విభాగంలో", "విభాగానికి" అని ఉన్నచోట్ల అది ఆగదు. మన భాషలో విభక్తులు మాటకు అతుక్కుని ఉంటాయి కాబట్టి, పేజీలో ఉన్న రూపాన్ని ఉన్నది ఉన్నట్లుగా ఇవ్వాలి. కామా, అడ్డగీత ఈ పద్ధతిలో ప్రత్యేక అర్థం కలవి, వాక్యంలో అవి ఉంటే శాతం రూపంలోకి మార్చాలి. పొడవైన భాగమైతే మొదటి రెండు మూడు మాటలు, కామా, చివరి రెండు మూడు మాటలు ఇస్తే సరిపోతుంది.

పేజీ రచయిత ఆ వాక్యాన్ని సవరించిన మరుక్షణం ఈ లింకు పనిచేయదు, పేజీ మొదటి నుంచి తెరుచుకుంటుంది. తాత్కాలికంగా ఒకరికి ఒక వాక్యం చూపించడానికి ఇది అద్భుతమైన సాధనం. మార్గదర్శిని లోపలి లింకులకు దీన్ని వాడటం మాత్రం సరికాదు.

పత్రశిల్పి రాశారు:

పీడీఎఫ్ గురించి క్లుప్తంగా చెబుతాను. వెబ్‌లో ఉంచిన పీడీఎఫ్ చిరునామా చివర హ్యాష్ గుర్తు, పేజ్, సమానం, 12 అని చేర్చితే కంప్యూటర్ బ్రౌజర్లలో సాధారణంగా పన్నెండవ పేజీ తెరుచుకుంటుంది. ఇక్కడ లెక్కించేది దస్త్రంలోని పేజీల వరుసనే కానీ పుట కింద అచ్చయిన సంఖ్యను కాదు. ముందుమాటకు, విషయ సూచికకు రోమన్ అంకెలు వేసిన పత్రాలలో ఈ రెండింటికీ పొంతన ఉండదు. కొత్త విడుదలలో పేజీలు జరిగితే లింకు మరో చోటికి పోతుంది. దస్త్రంలోనే పేరున్న గమ్యాలను పెట్టుకుంటే ఈ బాధ కొంత తగ్గుతుంది, కానీ వాటిని అన్ని వీక్షకాలూ గౌరవించవు. ఫోన్లలోని యాప్‌లలో ఎక్కువ భాగం సందర్భాలలో మొదటి పేజీయే దర్శనమిస్తుంది.

వర్డ్‌లో పనిచేసేవారికి రెండు మాటలు. అక్కడ బుక్‌మార్క్ పేరు అక్షరంతో మొదలు కావాలి, ఖాళీలు ఉండకూడదు, 40 అక్షరాలు దాటకూడదు. పీడీఎఫ్‌గా మార్చేటప్పుడు సేవ్ యాజ్ లేదా ఎక్స్‌పోర్ట్ ద్వారా వెళ్లి, శీర్షికలతో బుక్‌మార్క్‌లు తయారు చేయమనే ఎంపికను టిక్ చేయాలి. ప్రింట్ మెనూ ద్వారా పీడీఎఫ్ చేస్తే కాగితం మీద పడే బొమ్మ మాత్రమే మిగులుతుంది, లోపలి లింకులు సాధారణంగా పోతాయి.

దారిదీపం రాశారు:

లింకు సరిగ్గానే పనిచేసినా పాఠకుడికి దారి తప్పినట్లు అనిపించే సందర్భం ఒకటుంది. పేజీ పైభాగాన ఎప్పుడూ నిలిచి ఉండే మెనూ పట్టీ ఉంటే, బ్రౌజరు విభాగ శీర్షికను తెర పై అంచుకు తెస్తుంది, పట్టీ దాన్ని కప్పేస్తుంది. పాఠకుడికి శీర్షిక కనబడదు, పేరా మధ్యలో వాలినట్లుంటుంది. పేజీ రూపాన్ని నిర్దేశించే సీఎస్‌ఎస్‌లో శీర్షికలకు స్క్రోల్-మార్జిన్-టాప్ అన్న లక్షణంతో పట్టీ ఎత్తుకు సమానమైన విలువ ఇస్తే ఇది పరిష్కారమవుతుంది. టార్గెట్ అనే మిథ్యావర్గాన్ని వాడి, చేరుకున్న శీర్షిక నేపథ్యానికి లేత రంగు ఇస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. ముఖ్యంగా చిన్న విభాగాలు పేజీ చివర్లో ఉన్నప్పుడు తెర అంతకు మించి జరగలేదు కాబట్టి ఏది మన విభాగమో తెలియాలంటే ఆ రంగే ఆధారం.

తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడేవారు పేజీలోని లింకులను మాత్రమే జాబితాగా వినడం మామూలు. "ఇక్కడ నొక్కండి" అన్న లింకులు పది ఉంటే ఆ జాబితా వల్ల వారికి ఏ ప్రయోజనమూ లేదు. "బ్యాకప్ ఎప్పుడెప్పుడు జరగాలో నిర్ణయించడం" అని విభాగపు పేరునే లింకుగా రాయండి.

అనుక్రమణిక రాశారు:

సాంకేతిక విషయాలు బాగా వచ్చాయి, రాతకు సంబంధించినది ఒకటి మిగిలింది. మొదటి పేజీ నుంచి చదువుకుంటూ వచ్చే పాఠకుడి కోసం రాసిన పత్రాన్ని విభాగాల వారీగా లింకులు ఇవ్వడం మొదలుపెడితే, నేరుగా మధ్యలో వాలినవారికి సగం వాక్యాలు అర్థం కావు. "పైన చెప్పిన పద్ధతిలోనే దీన్ని కూడా అమర్చుకోవాలి" అన్న వాక్యాన్ని తీసుకోండి. వరుసగా చదివినవారికి అది చాలు. లింకు ద్వారా వచ్చినవారికి పైన ఏం చెప్పారో తెలియదు, దేన్ని అమర్చుకోవాలో కూడా ఆ విభాగంలో లేదు. దాన్ని "బ్యాకప్ సమయాన్ని కూడా, ఖాతా సమయ మండలాన్ని మార్చినట్లే, అమరికల పేజీలో మార్చుకోవాలి" అని రాసి, ఖాతా సమయ మండలం అన్న మాటకు దాని విభాగపు లింకు ఇస్తే వాక్యం స్వతంత్రంగా నిలబడుతుంది.

నా అనుభవంలో ఒక పత్రాన్ని విభాగాలుగా చదవడానికి సిద్ధం చేయడంలో ఐడీలు పెట్టడం చిన్న పని, ఇలాంటి "పైన", "కింద", "ఇంతకు ముందు" అన్న మాటలను ఏరి సరిచేయడమే పెద్ద పని. ముఖ్యంగా హెచ్చరికలు. సమాచారం చెరిగిపోయే అవకాశం ఉందన్న హెచ్చరికను అధ్యాయం మొదట్లో ఒక్కసారి రాసి ఊరుకుంటే, నాలుగో విభాగానికి నేరుగా వచ్చినవారు దాన్ని ఎన్నటికీ చూడరు. అటువంటి వాటిని ప్రతి విభాగంలోనూ తిరిగి రాయడానికి సంకోచించకూడదు; పునరుక్తి దోషమనే శంక ఇక్కడ వర్తించదు.

తాళపత్రం రాశారు:

అనుక్రమణిక గారు చెప్పినది మా పత్రానికి అక్షరాలా వర్తిస్తుంది. మా హెచ్చరికలన్నీ అధ్యాయాల మొదట్లోనే ఉన్నాయి. ఐడీలను ఇంగ్లీషు లిపిలో, అర్థవంతమైన చిన్న పేర్లుగా పెట్టాలని మా బృందంలో అనుకున్నాం. ఇంకా రెండు సందేహాలున్నాయి. ఒక విభాగాన్ని రద్దు చేసినప్పుడో, రెండింటిని కలిపినప్పుడో, వేరే పేజీకి తరలించినప్పుడో పాత లింకుల గతేమిటి? రెండవది, ప్రతి విడుదలకు మూలప్రతిని "మేక్ ఎ కాపీ" ద్వారా నకలు తీసి అందులో పనిచేస్తాం. ఆ నకలులోని లింకులు కొన్ని పాత పత్రానికే తీసుకెళుతున్నాయి, కొన్ని సరిగ్గానే ఉన్నాయి. ఎందుకిలా?

సున్నాఒకటి రాశారు:

మొదటిదానికి నేను చెబుతాను. రెండు విభాగాలను కలిపితే, మిగిలిన శీర్షికకు దాని ఐడీ ఉంచి, రద్దయినదాని ఐడీతో ఒక ఖాళీ ట్యాగును దాని పక్కనే పెట్టండి. ఒకే చోటికి ఎన్ని పాత పేర్లయినా చేరవచ్చు, వాటి వల్ల పేజీకి భారం లేదు. పూర్తిగా రద్దయితే, ఆ ఐడీ కింద "ఈ సదుపాయాన్ని తొలగించారు, దాని స్థానంలో ఫలానాది వాడండి" అన్న ఒక్క వాక్యం ఉంచండి. ఏ కారణంతోనైనా పాత ఐడీని వేరే విషయానికి తిరిగి వాడకండి.

వేరే పేజీకి తరలించినప్పుడే చిక్కు. ఫ్రాగ్మెంట్ సర్వరుకు చేరదు కాబట్టి, ఫలానా విభాగాన్ని అడిగినవారిని మాత్రమే కొత్త పేజీకి పంపమని సర్వరుకు చెప్పలేం. పేజీ మొత్తాన్ని మళ్లిస్తే, కొత్త చిరునామాలో ఫ్రాగ్మెంట్ లేనప్పుడు బ్రౌజరు పాత ఫ్రాగ్మెంట్‌ను వెంట తీసుకెళుతుంది; కాబట్టి పేజీ మారినా ఐడీలను అవే ఉంచితే అన్నీ వాటంతట అవే కుదురుతాయి. ఒకటి రెండు విభాగాలే తరలితే పాత పేజీలో చిన్న జావాస్క్రిప్ట్ పెట్టి, చిరునామాలోని ఫ్రాగ్మెంట్‌ను చూసి దారి మళ్లించాలి, లేదా పాత చోట "ఈ భాగం ఇప్పుడు అక్కడ ఉంది" అని లింకు ఉంచాలి. నేను రెండవదాన్నే ఇష్టపడతాను, అది ఎప్పటికీ చెడిపోదు.

తెగిన లింకులను పట్టుకునే సాధనాలను విడుదలకు ముందు నడపండి, కానీ వాటిలో చాలా భాగం పేజీ ఉందా లేదా అని మాత్రమే చూస్తాయి. ఫ్రాగ్మెంట్లను కూడా పరీక్షించే ఎంపిక ఉందేమో చూసి, దాన్ని ప్రత్యేకంగా ఆన్ చేయాలి.

కొక్కెం రాశారు:

నకలు సంగతి ఇది. పత్రం లోపల లింకు పెట్టడానికి రెండు దారులున్నాయి. కంట్రోల్, కే మీటలు నొక్కి, వచ్చిన జాబితాలోని శీర్షికలు, బుక్‌మార్క్‌ల విభాగంలోంచి ఎంచుకుంటే, అది "ఈ పత్రంలోని ఫలానా శీర్షిక" అని నమోదవుతుంది. నకలు తీస్తే నకలులోని శీర్షికకే వెళుతుంది. చిరునామా పట్టీలోంచి మొత్తం చిరునామా కాపీ చేసి అతికిస్తే, అందులో పాత పత్రపు గుర్తింపు కూడా ఉంటుంది కనుక నకలులోంచి కూడా పాతదానికే పోతుంది. మీ బృందంలో ఇద్దరు రెండు విధాలుగా లింకులు పెడుతున్నారన్నమాట.

నకలులో లింకు మీద కర్సరు ఉంచితే వచ్చే చిన్న పెట్టెలో శీర్షిక పేరు మాత్రమే కనబడితే అది లోపలి లింకు. పత్రం పేరో, పూర్తి చిరునామానో కనబడితే దాన్ని తీసేసి జాబితాలోంచి మళ్లీ పెట్టండి. బయటివారికి ఇచ్చే లింకులు మాత్రం నకలు తీసిన ప్రతిసారీ వేరవుతాయి, ఎందుకంటే నకలు కొత్త పత్రం. అందువల్ల నకలును పాత విడుదలను భద్రపరచడానికి వాడుకుని, కొత్త రాతను మూలప్రతిలోనే కొనసాగించండి. అప్పుడు జనంలోకి వెళ్లిన చిరునామా ఎప్పుడూ తాజా ప్రతినే తెరుస్తుంది.